ఇతర డిగ్రీ చదివినవారు అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు కావాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు ఆంధ్రలో జంతుశాస్త్రంలో బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. పూర్తిచేసి కొంతకాలం జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పారు. పెళ్లి తరువాత హెచ్4 వీసాపై, అంటే ఇక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్న భర్తపై ఆధారపడి వచ్చేవారికిచ్చే వీసాపై, డాలస్ వచ్చారు. మీ అబ్బాయికి బడిలో ఆక్యుపేషనల్ థెరపీ (తినడం, దుస్తులు వేసుకోవడం, రాయడం వంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలిగేలా ఇచ్చే చికిత్స) ఇస్తుండగా దగ్గరగా చూసి, ముప్పై ఆరేళ్ల వయసులో ఆ వృత్తిలోకి రావాలనుకుంటున్నారు. మాస్టర్స్ చేయాలా డాక్టరేట్ చేయాలా, భారతీయ డిగ్రీలు చెల్లుతాయా, ఇండియాకు వెళ్లి ఎం.ఓ.టీ. (ఆక్యుపేషనల్ థెరపీలో మాస్టర్స్) చేసి వస్తే ఖర్చు తగ్గదా, ఇద్దరు పిల్లలతో ఇది సాధ్యమా అని అడిగారు. నేను పునరావాస ఆసుపత్రిలోనూ, అంతకుముందు బడుల్లోనూ ఈ పని చేసినదాన్ని. చాలాకాలంగా ఫీల్డ్‌వర్క్ (చదువులో భాగంగా ఆసుపత్రుల్లో, బడుల్లో పర్యవేక్షణలో చేసే పని) విద్యార్థులకు పర్యవేక్షకురాలిగా కూడా ఉంటున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ చదువు విషయంలో బయటివారు డిగ్రీ పేరు గురించీ, విశ్వవిద్యాలయపు ర్యాంకు గురించీ ఎక్కువగా ఆలోచిస్తారు, కానీ అసలు నిర్ణయం ఆధారపడవలసినవి రెండే. మొదటిది, నెత్తిన ఎంత అప్పు మిగులుతుంది. రెండవది, చివర్లో వచ్చే ఆరు నెలల ఫీల్డ్‌వర్క్‌కు మీ ఇంటిని సిద్ధం చేసుకోగలరా.

ముందుగా ఇండియా సంగతి తేల్చేద్దాం. మన దేశంలో ఈ వృత్తిలోకి ప్రవేశించే డిగ్రీ బి.ఓ.టీ., అంటే ఇంటర్ బై.పీ.సీ. తరువాత చేరే బ్యాచిలర్స్ కోర్సు. ఎం.ఓ.టీ. అన్నది బి.ఓ.టీ. పూర్తిచేసినవారు నరాల వ్యాధులు, ఎముకలు, పిల్లల చికిత్స వంటి ఏదో ఒక విభాగంలో ప్రత్యేక నైపుణ్యం కోసం చేసే చదువు. జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. ఉన్నా నేరుగా అందులో చేరడం కుదరదు. 1950లో బొంబాయి కె.ఈ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ మొదలుపెట్టిన మొదటి శిక్షణాలయం నాటి నుంచి మన దగ్గర ఈ వృత్తి ఉంది, ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య వ్యవస్థాపక సభ్యుల్లో భారతదేశం ఒకటి. అయినా వేరే డిగ్రీ ఉన్నవారు మాస్టర్స్ ద్వారా ప్రవేశించే దారి అక్కడ ఏర్పడలేదు. మీ బంధువుల్లో ఇంటర్ చదువుతున్న పిల్లలెవరైనా అడిగితే మాత్రం కటక్ దగ్గరి ఓలత్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, వెల్లూరు సీఎంసీ, మణిపాల్ వంటి చోట్ల బి.ఓ.టీ. ఉందని చెప్పండి, వారికి అది చక్కటి మార్గం. మీకు కాదు.

అమెరికాలో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది. 2007 నుంచి ఇక్కడ ఈ వృత్తికి బ్యాచిలర్స్ స్థాయి ప్రవేశమే లేదు. ఏ డిగ్రీ చదివినవారైనా ముందస్తు కోర్సులు పూర్తిచేసి మాస్టర్స్‌లోనో, ప్రవేశ స్థాయి డాక్టరేట్‌లోనో చేరాలి. మా తరగతుల్లో సంగీతం చదివినవారు, లెక్కలు చదివినవారు, బడిపంతుళ్లుగా చేసినవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని భుజం కండరాల పేర్లు వల్లెవేస్తుంటారు. కాబట్టి జంతుశాస్త్రం చదివాను, అది పనికిరాదేమో అన్న సందేహం అక్కర్లేదు. పాఠాలు చెప్పిన అనుభవం మీకు అదనపు బలం. ఈ పనిలో సగం బోధనే.

కోర్సు ఎంచుకునేటప్పుడు రెండు మాటలు జాగ్రత్తగా చదవండి. ఒకటి, ఆ కోర్సుకు ఏకోట్ గుర్తింపు ఉందా అన్నది. దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ విద్యను గుర్తించే సంస్థ అదే. ఆ గుర్తింపు లేని కోర్సు పూర్తిచేసినవారు జాతీయ పరీక్షకు కూర్చోలేరు. కొత్తగా మొదలైన కోర్సులు అభ్యర్థి దశలోనో, ముందస్తు గుర్తింపు దశలోనో ఉంటాయి. అలాంటి చోట సీటు సులువుగా దొరకవచ్చు గానీ, మొదటి బ్యాచ్ బయటికి వచ్చేలోపు పూర్తి గుర్తింపు రాకపోతే ఆ విద్యార్థులు ఇరుక్కుపోతారు. ఇంట్లో మరొకరి సంపాదన మీద ఆధారపడి చదివే వ్యక్తి ఆ ప్రమాదం తలకెత్తుకోవడం అనవసరమని నా అభిప్రాయం. రెండవది, కోర్సు పేరు పక్కన పోస్ట్ ప్రొఫెషనల్ అన్న మాట ఉంటే అది ఇప్పటికే థెరపిస్టులైనవారికి ఉద్దేశించిన కోర్సు. ఒకే విశ్వవిద్యాలయం రెండు రకాల ఓ.టీ.డీ.లూ (ఆక్యుపేషనల్ థెరపీ డాక్టరేట్లు) నడుపుతుంటుంది, వెబ్‌సైటులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మీరు వెతకవలసినది ఎంట్రీ లెవెల్ అని స్పష్టంగా రాసినదాన్ని.

ఇక మాస్టర్స్, డాక్టరేట్ చర్చ. 2017లో ఏకోట్ ఒక ప్రకటన చేసింది: 2027 జూలై నుంచి ప్రవేశానికి డాక్టరేట్ తప్పనిసరి అన్నది దాని సారం. వృత్తిలో పెద్ద దుమారం రేగింది. మరుసటి ఏడాదే ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టారు, 2019లో రెండు మార్గాలూ కొనసాగుతాయని తేలిపోయింది. కానీ ఆ ప్రకటన నాటికే డాక్టరేట్‌కు మారే పని మొదలుపెట్టిన విశ్వవిద్యాలయాలు చాలావరకు వెనక్కి తగ్గలేదు. అందుకే కొందరు సలహాదారులు ఇప్పటికీ మాస్టర్స్‌కు కాలం చెల్లిందని చెబుతుంటారు. అది నిజం కాదు. మాస్టర్స్ సాధారణంగా రెండు నుంచి రెండున్నర ఏళ్లు, ఓ.టీ.డీ. మూడేళ్లు. రెండింటి తరువాతా రాసే పరీక్ష ఒకటే, వచ్చే లైసెన్సు ఒకటే; ఆసుపత్రిలో రోగి మంచం పక్కన నిలబడినప్పుడు ఇద్దరి పనిలో తేడా ఉండదు, మొదటి ఉద్యోగపు జీతంలోనూ చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. డాక్టరేట్‌లో అదనంగా ఉండేది ప్రధానంగా 14 వారాల క్యాప్‌స్టోన్ (చివర్లో ఎంచుకున్న అంశంపై లోతుగా చేసే ప్రాజెక్టు), దానికి తోడు పరిశోధన, నాయకత్వం, కార్యక్రమాల రూపకల్పన వంటి అంశాలు. భవిష్యత్తులో విశ్వవిద్యాలయంలో బోధించాలని మీకు గట్టిగా ఉంటే ఓ.టీ.డీ. ఉపయోగపడుతుంది. అయితే ఆ కోరిక పనిలో కొన్నేళ్లున్నాక కూడా తీరుతుంది, ఎందుకంటే నేను పైన చెప్పిన పోస్ట్ ప్రొఫెషనల్ డాక్టరేట్ ఉన్నది అందుకే, దాన్ని ఉద్యోగం చేస్తూ పూర్తిచేసేవారు చాలామంది. మీ వయసుకూ, కుటుంబ బాధ్యతలకూ, ఇంటి నుంచి వెళ్లిరాగల దూరంలో గుర్తింపు ఉన్న మాస్టర్స్ దొరికితే రెండో ఆలోచన లేకుండా దానికే దరఖాస్తు చేయండి. దొరక్కపోతే దూరప్రాంతపు మాస్టర్స్ కన్నా దగ్గరి ఓ.టీ.డీ. మేలు కావచ్చు, ఆ లెక్క ఇంటి అద్దె, పిల్లల సంరక్షణ కలుపుకుని వేసుకోవలసిందే.

భారతీయ డిగ్రీల విషయంలో మీరు అదృష్టవంతులు. మూడేళ్ల బి.ఎస్సీ. ఒక్కటే ఉన్నవారికి కొన్ని చోట్ల అది ఇక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌తో సమానం కాదని తిరస్కరణ ఎదురవుతుంది. మీకు పైన రెండేళ్ల ఎం.ఎస్సీ. ఉంది కనుక ఆ చిక్కు రాకూడదు. విదేశీ డిగ్రీలను ఇక్కడి డిగ్రీలతో పోల్చి చూసే డబ్ల్యూఈఎస్ వంటి సంస్థ ద్వారా ప్రతి సబ్జెక్టునూ విడివిడిగా చూపే మూల్యాంకనం చేయించండి, పైపైన డిగ్రీ సమానత్వం మాత్రమే తేల్చే చవక రకం వద్దు. మార్కుల జాబితాలు విశ్వవిద్యాలయం నుంచే నేరుగా సీలు వేసిన కవరులోనో, ఆన్‌లైన్‌లోనో వెళ్లాలి. పరీక్షల విభాగం చుట్టూ తిరగడానికి అక్కడ మీ అన్నయ్యో, స్నేహితురాలో ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఇది అన్నిటికన్నా ముందు మొదలుపెట్టవలసిన పని. ఫస్ట్ క్లాసు మార్కులు మూల్యాంకనంలో సాధారణంగా మనం భయపడినదానికన్నా మంచి గ్రేడుగానే మారతాయి.

అయినా ముందస్తు కోర్సుల నుంచి తప్పించుకోలేరు. మానవ శరీర నిర్మాణం, శరీరధర్మ శాస్త్రం రెండు భాగాలు ప్రయోగశాలతో సహా, గణాంక శాస్త్రం, జీవితకాలపు ఎదుగుదల మనస్తత్వ శాస్త్రం, అసాధారణ మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రమో మానవ శాస్త్రమో ఒకటి. ఇవి దాదాపు అన్నిచోట్లా అడుగుతారు. కొన్నిచోట్ల భౌతిక శాస్త్రమో, కదలికల శాస్త్రమో, వైద్య పరిభాషో కలుస్తాయి. కప్పనూ బొద్దింకనూ కోసిన మన ప్రాక్టికల్స్‌ను ఇక్కడ మానవ శరీర నిర్మాణ కోర్సుగా లెక్కించరు. పైగా చాలా విశ్వవిద్యాలయాలు ఈ కోర్సులు గత అయిదు నుంచి పదేళ్లలోపు చేసినవై ఉండాలంటాయి. మీ ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టరుకు రెండు చొప్పున తీసుకుంటే ఏడాదిన్నరలో పూర్తవుతాయి. ఈ కోర్సుల్లో వచ్చే గ్రేడులే మీ దరఖాస్తుకు ప్రాణం. చాలా ఏళ్ల విరామం తరువాత ఈ దేశపు తరగతి గదిలో మీరు ఎలా చదువుతారన్నదానికి ప్రవేశాల కమిటీ దగ్గర ఉండే ఆధారం అవి మాత్రమే. కనీస జీపీఏ (నాలుగుకు లెక్కించే గ్రేడుల సగటు) 3.0 అని రాసి ఉన్నా సీటు వచ్చేవారి సగటు సాధారణంగా అంతకు చాలా పైన ఉంటుంది. శరీర నిర్మాణంలో బి కన్నా తక్కువ వచ్చేటట్లుంటే ఆ సెమిస్టరులో రెండో కోర్సు వదులుకోవడం తెలివైన పని.

దరఖాస్తులు ఎక్కువ చోట్ల ఓటీక్యాస్ అనే ఉమ్మడి వేదిక ద్వారానే వెళ్తాయి. సాధారణంగా జూలై నడుమ అది తెరుచుకుంటుంది. చాలా కోర్సులు వచ్చినవాటిని వచ్చినట్లే పరిశీలిస్తాయి కనుక గడువు తేదీ దాకా ఆగకండి. పరిశీలన గంటలు కూడా అడుగుతారు. బడి పిల్లల థెరపీ మీరు తల్లిగా ఇప్పటికే చూశారు, కానీ తల్లిగా చూసినది లెక్కలోకి రాదు, ఎవరైనా లైసెన్సు ఉన్న థెరపిస్టు పక్కన నిలబడి చూసి సంతకం పెట్టించుకోవాలి. ఈసారి పిల్లల దగ్గరకు కాకుండా, పక్షవాతం వచ్చిన పెద్దవారిని చూసే పునరావాస విభాగానికీ, ఒక నర్సింగ్ హోముకూ వెళ్లండి. పిల్లల థెరపీ చూసి ఆకర్షితులై వచ్చిన విద్యార్థుల్లో కొందరు, పెద్దవారి స్నానం, మలమూత్ర విసర్జన వంటి పనుల్లో సాయం చేయడం కూడా ఈ వృత్తిలో భాగమని మొదటి ఫీల్డ్‌వర్క్‌లో తెలుసుకుని తల్లడిల్లడం చూశాను. అది ముందే చూసి నిర్ణయించుకోవడం మంచిది. ఆసుపత్రుల్లో స్వచ్ఛంద సేవ విభాగం క్షయ పరీక్షా, టీకాల పత్రాలూ, నేర చరిత్ర తనిఖీ అంటూ నెలలు పట్టిస్తుంది, ఆ సంగతి గుర్తుంచుకుని ముందుగానే అడగండి.

లోపల నేర్పేదేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ సీటు దగ్గరే ఆగిపోతాయి. మొదటి ఏడాది బరువంతా శరీర నిర్మాణం, నాడీ శాస్త్రం, కదలికల శాస్త్రం మీద ఉంటుంది. మెడ నుంచి చేతివేళ్ల దాకా నరాలు ఎలా చీలి ఎక్కడ ఏ కండరానికి చేరతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. తరువాత మూల్యాంకన పద్ధతులు, మానసిక ఆరోగ్యం, పిల్లల చికిత్స, పెద్దల చికిత్స, వేడినీటి పళ్లెంలో ప్లాస్టిక్ రేకును మెత్తబరచి రోగి చేతికి సరిపడా స్ప్లింట్ (చేతిని సరైన భంగిమలో నిలిపే ఆసరా) మలచడం, జీన్ ఏర్స్ రూపొందించిన ఇంద్రియ సమన్వయ సిద్ధాంతం, మనిషి రోజువారీ పనుల్లో ఎలా నిమగ్నమవుతాడో వివరించే గ్యారీ కీల్‌హాఫ్నర్ మానవ వృత్తి నమూనా వంటివి వస్తాయి. వీటన్నిటికీ కిందుగా ప్రవహించే నైపుణ్యం ఒకటుంది, దాన్ని కార్యకలాప విశ్లేషణ అంటారు. మామూలు మనిషి ఆలోచించకుండా చేసే పనిని విడదీసి, అందులో శరీరం, మెదడు, అలవాటు, పరిసరం ఒక్కొక్కటి ఏం అడుగుతున్నాయో చూడటమే అది.

నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో తెలుగువారెవరైనా ఉంటే వారికి పప్పన్నం కలుపుకుని తినడాన్ని విశ్లేషించమంటాను. ముందుకు వంగి పడిపోకుండా కూర్చోవడానికి నడుముకు నిలకడ కావాలి. పళ్లెం దాకా చేయి చాచడానికి భుజం, మోచేయి కలిసి పనిచేయాలి. అరచేయి కిందికి తిరిగి అన్నాన్ని కలపాలి, తిరిగి పైకి తిరిగి ముద్దను నోటికి చేర్చాలి. మణికట్టు కాస్త పైకి లేచి నిలవకపోతే వేళ్లకు పట్టు దొరకదు. చివర్లో బొటనవేలు ముద్దను లోపలికి నెట్టాలి. పైకి చిన్న కదలికే, కానీ పక్షవాతం తరువాత ఆలస్యంగా తిరిగి వచ్చే కదలికల్లో అదొకటి. స్పర్శ లేకపోతే అన్నం వేడి తెలియక వేళ్లు కాలతాయి. మెదడు కుడివైపు దెబ్బతిన్నవారిలో కొందరికి పళ్లెంలో ఎడమ సగం కనబడనే కనబడదు, అక్కడ వేసిన కూర అలాగే మిగిలిపోతుంది. ఇదంతా శరీరం అడిగేది. ఇక అలవాటు అడిగేది వేరు. కుడిచేయి పడిపోయిన డెబ్బై ఏళ్ల తెలుగు ఆవిడకు, ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుని తినడం నేర్పితే పాఠ్యపుస్తకం ప్రకారం పని అయిపోయినట్లే. ఆవిడ మాత్రం ఆ చేత్తో అన్నం ముట్టుకోలేక సగం పళ్లెం వదిలేస్తుంది, నర్సు ఆకలి మందగించిందని రాసుకుంటుంది. థెరపిస్టు పని అక్కడ మొదలవుతుంది. కుడిచేతి వేళ్లకు కొంత కదలిక తిరిగి వస్తోందా, వస్తుంటే అన్నం మెత్తగా కలిపి చిన్న ముద్దలు చేసి పెట్టి ఆ చేత్తోనే తీసుకునేలా సాధన చేయించవచ్చా, లేదంటే లావు పిడి ఉన్న చెంచాను కుడిచేతికి పట్టీతో కట్టి ఎడమచేత్తో ఆసరా ఇవ్వవచ్చా, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం కింద జారని చాప వేస్తే సరిపోతుందా, ఇవన్నీ ఆమె ముందుపెట్టి ఏది ఆమెకు ముఖ్యమో ఆమెనే అడగాలి. మింగడంలో ఇబ్బంది ఉందేమో స్పీచ్ థెరపిస్టు తేల్చేదాకా ఏ ముద్దా పెట్టకూడదన్నది కూడా ఆ విశ్లేషణలో భాగమే. మీ అబ్బాయికి బడిలో పెన్సిలు పట్టుకోవడం నేర్పిన థెరపిస్టు చేసినదీ ఇదే రకం ఆలోచన. మీకు బయటికి ఆటలా కనిపించి ఉంటుంది.

ఇప్పుడు ఫీల్డ్‌వర్క్ దగ్గరికి వద్దాం. మొదటి స్థాయి ఫీల్డ్‌వర్క్ తరగతులు జరుగుతుండగానే కొన్ని రోజుల చొప్పున వస్తుంది, ఎక్కువగా పరిశీలనే, దాని గురించి చింత అక్కర్లేదు. రెండవ స్థాయి తరగతులన్నీ ముగిశాక వస్తుంది. ఏకోట్ నిబంధన ప్రకారం కనీసం 24 వారాల పూర్తికాల పని, సాధారణంగా 12 వారాల చొప్పున రెండు వేర్వేరు చోట్ల. చాలాచోట్ల జీతం ఉండదు, పైగా ఆ సెమిస్టరుకు ఫీజు మీరే కడతారు. స్థలం ఎంపిక మీ చేతుల్లో ఉండదు; విశ్వవిద్యాలయంలో ఫీల్డ్‌వర్క్ సమన్వయకర్త ఒప్పందాలు ఉన్న చోట్లలో సర్దుతారు, అది మీ ఇంటికి గంటన్నర దూరంలో కావచ్చు, వేరే ఊళ్లో కావచ్చు. పర్యవేక్షకురాలి పనివేళలే మీ పనివేళలు. ఆమె శనివారం పనిచేస్తే మీరూ శనివారం వెళ్లాలి. ఇంటికి వచ్చాక మరుసటి రోజు రోగుల చికిత్స ప్రణాళికలు రాసుకోవాలి. మొదటి వారంలో ఒకరిద్దరు రోగులతో మొదలై, చివరి వారాలకు కొత్తగా చేరిన ఉద్యోగి చూసేంతమందిని దాదాపు సొంతంగా చూడగలగాలి. నిబంధనలు అర్ధకాల ఫీల్డ్‌వర్క్‌ను కూడా అనుమతిస్తాయి, పూర్తికాలంలో సగానికి తగ్గకూడదన్న షరతుతో. కానీ అందుకు ఒప్పుకునే ఆసుపత్రి దొరకడం కష్టం.

అందుచేత ఇద్దరు పిల్లల తల్లికి సాధ్యమా అన్న మీ ప్రశ్నకు, తరగతుల రెండేళ్ల విషయంలో నేను సందేహించను, ఈ 24 వారాలకు మాత్రం ఇప్పటినుంచే ఏర్పాటు కావాలి. అత్తగారో అమ్మగారో ఆరు నెలల సందర్శక వీసాపై వచ్చే వీలుంటే ఆ ప్రయాణాన్ని ఇప్పుడు ఖర్చుచేయకుండా ఈ ఆరు నెలలకు దాచుకోండి. మీ భర్త ఉద్యోగంలో ఇంటినుంచి పనిచేసే వెసులుబాటు ఉందో లేదో, ఉంటే ఆ కాలానికి ఉదయం బడి, సాయంత్రం వంట ఆయన బాధ్యతలుగా రాసి పెట్టుకోండి. నా దగ్గర చేసిన విద్యార్థినుల్లో చదువులో వెనకబడి తప్పినవారు అరుదు. ఇంటి ఏర్పాట్లు కూలిపోయి మధ్యలో ఆగినవారిని ఎక్కువ చూశాను.

ఫీల్డ్‌వర్క్‌లో మన విద్యార్థులు తడబడే చోటు చికిత్స కాదు, రాత. రోగికి చొక్కా వేసుకోవడానికి కొంచెం సాయం కావాలి అని రాస్తే ఇక్కడ చెల్లదు. ఆ పనిలో శ్రమ ఎంత శాతం రోగిది, ఎంత మీది, ఏ దశలో సాయం అవసరమైంది, మాటతో చెబితే సరిపోయిందా చేయి పట్టుకోవాలా, గత వారం కన్నా ఏం మారింది, ఇంకా నైపుణ్యం ఉన్న థెరపిస్టే ఎందుకు కావాలి అన్నది రెండు మూడు వాక్యాల్లో రావాలి. బీమా సంస్థ చెల్లించేది ఆ వాక్యాలను చూసే. రెండవ ఇబ్బంది, మూల్యాంకన పత్రంలో భద్రత, నైతికతలకు సంబంధించిన అంశాలు. మిగతా అన్నిటిలో ఎంత బాగా చేసినా అందులో తప్పితే మొత్తం ఫీల్డ్‌వర్క్ తప్పినట్లే. చక్రాల కుర్చీ బ్రేకు వేయకుండా రోగిని లేపడం ఒక్కసారి జరిగితే చాలు, ఆ రోజు పెద్ద చర్చ జరుగుతుంది. మూడవది మన పెంపకంలోంచి వచ్చేది: పర్యవేక్షకురాలు ఏమైనా చెబితే తల వంచుకుని వినడం. ఇక్కడ దాన్ని వినయంగా కాక, ఆలోచన లేకపోవడంగా చూస్తారు. నేను ఇలా అనుకున్నాను, ఎందుకంటే ఇది గమనించాను అని మర్యాదగా చెప్పడం అభ్యాసం చేయండి.

డబ్బు విషయం. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రాష్ట్ర నివాసుల ఫీజుతో మాస్టర్స్ చేయడానికీ, ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఓ.టీ.డీ. చేయడానికీ మధ్య తేడా రెండింతలు దాటవచ్చు. ప్రైవేటులో మొత్తం ఫీజు లక్ష డాలర్లు దాటడం మామూలే. టెక్సాస్‌లో హెచ్4 ఉన్నవారు కూడా నివాస నిబంధనలు తీరితే రాష్ట్ర నివాసుల ఫీజుకు అర్హులు కావచ్చు, ఆ పత్రాలు ముందే సిద్ధం చేసుకోండి. సమాఖ్య ప్రభుత్వ విద్యారుణాలు హెచ్4 వారికి రావు. చదువు మధ్యలో గ్రీన్ కార్డు వచ్చినా, 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ రుణం, అంటే చదువు ఖర్చు మొత్తానికి సరిపడా ఇచ్చే సమాఖ్య రుణం, ఉండదు. మామూలు గ్రాడ్యుయేట్ రుణానికి ఏడాదికి 20,500 డాలర్ల పరిమితి. కార్మిక గణాంకాల సంస్థ 2023 మే లెక్కల్లో ఈ వృత్తి మధ్యస్థ వార్షిక వేతనం 96,370 డాలర్లు. స్థిరమైన, గౌరవప్రదమైన జీతమే, కానీ సాఫ్ట్‌వేర్ రంగంలా ఏటా పెరిగేది కాదు. పదేళ్ల అనుభవం ఉన్నవారికీ కొత్తవారికీ మధ్య అంతరం మీరు ఊహించినంత ఉండదు. అందుకే లక్షన్నర డాలర్ల అప్పుతో ఈ వృత్తిలోకి రావద్దని నిక్కచ్చిగా చెబుతాను. ర్యాంకు చూసి ఖరీదైన చోట చేరిన విద్యార్థినీ, ఊళ్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివిన విద్యార్థినీ ఉద్యోగం ఇచ్చేవారు వేరుగా చూడరు. ర్యాంకుకు బదులు ఆ కోర్సు విద్యార్థులు జాతీయ పరీక్షలో ఎందరు ఉత్తీర్ణులవుతున్నారు, చేరినవారిలో ఎందరు పూర్తిచేస్తున్నారు అన్నవి చూడండి. ఆ వివరాలు బహిరంగంగానే దొరుకుతాయి.

ఫీల్డ్‌వర్క్ ముగిశాక నేను పైన చెప్పిన జాతీయ పరీక్ష, దాని పేరు ఎన్‌బీసీఓటీ. నాలుగు గంటలు, ఉత్తీర్ణతకు 450 స్కేల్డ్ మార్కులు (ప్రశ్నపత్రపు కష్టాన్ని బట్టి సర్దిన మార్కులు) రావాలి. జ్ఞాపకశక్తిని కాక, ఈ పరిస్థితిలో మొదట ఏం చేస్తారు అన్న నిర్ణయాన్ని పరీక్షిస్తుంది కాబట్టి ఫీల్డ్‌వర్క్ అయిన వెంటనే, ఆ ఆలోచన మనసులో తాజాగా ఉండగానే, రెండు మూడు నెలల్లో రాసేయడం మేలు. ఆ తరువాత మీ రాష్ట్రపు లైసెన్సు.

వీసా విషయంలో న్యాయవాదిని సంప్రదించకుండా ఏ అడుగూ వేయకండి, కానీ అడగవలసిన ప్రశ్నలు చెబుతాను. హెచ్4 మీద చదువుకోవచ్చు. ఫీల్డ్‌వర్క్ చోట్ల కొన్ని సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి, అది లేనివారికి ఆయా విశ్వవిద్యాలయాలు ఏం ఏర్పాటు చేస్తున్నాయో దరఖాస్తుకు ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో లిఖితపూర్వకంగా తెలుసుకోండి. మీ భర్తకు ఐ140 (గ్రీన్ కార్డు కోసం ఆయన సంస్థ వేసే దరఖాస్తు) ఆమోదం అయి ఉంటే హెచ్4 ఈఏడీ అనే పని అనుమతి పత్రం తీసుకుని పనిచేయవచ్చు, అది ఉంటే మీ దారి చాలా నున్నగా సాగుతుంది. లేకపోతే మీ పేరు మీద ఉద్యోగ వీసా కావాలి; అప్పుడు ఇక్కడే చదివినా ఆరోగ్య వృత్తుల వారికి ప్రత్యేకంగా ఉండే ధ్రువపత్రం సమర్పించాలి. నర్సులకూ ఫిజికల్ థెరపిస్టులకూ గ్రీన్ కార్డు ప్రక్రియలో షెడ్యూల్ ఏ అనే మినహాయింపు ఉంది, ఆక్యుపేషనల్ థెరపిస్టులు అందులో లేరు. ఫిజికల్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ రెండూ ఒకటేనని మనవాళ్లు కలిపేసి చెప్పే మాటలు నమ్మి లెక్కలు వేసుకోకండి.

ఒకవేళ ఈ ఖర్చు, ఈ కాలం భారమనిపిస్తే ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ కోర్సు ఉంది. కమ్యూనిటీ కాలేజీలోనే సుమారు రెండేళ్లు, ఫీల్డ్‌వర్క్ 16 వారాలు. స్వతంత్రంగా మూల్యాంకనం చేసి ప్రణాళిక వేసే అధికారం ఉండదు, జీతం తక్కువ, కానీ రోగులతో గడిపే సమయం ఎక్కువ. ఎం.ఎస్సీ. చదివి అసిస్టెంటుగానా అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వినాల్సిన పని లేదు. అయినా మీ చదువునుబట్టి చూస్తే మొదట మాస్టర్స్‌కు ప్రయత్నించి, రెండు దఫాలు సీటు రాకపోతే దీని గురించి ఆలోచించమంటాను.

వయసు గురించి ఇంతవరకు ఏమీ రాయలేదంటే అది అడ్డంకి కాదనే. రోగులను మంచం నుంచి కుర్చీకి మార్చేటప్పుడు నడుము జాగ్రత్త తప్ప నలభై ఏళ్ల కొత్త థెరపిస్టుకు ప్రత్యేకమైన లోటేమీ ఉండదు. మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త పాటించండి. ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే సంస్థలు కొత్తవారికి కూడా ఎక్కువ డబ్బు చూపిస్తాయి, వేళలు మన ఇష్టం అంటాయి, పిల్లలున్నవారికి అది బాగా నచ్చుతుంది. కానీ అక్కడ అనుమానం వస్తే అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. రోగి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే నిర్ణయం మీ ఒక్కరిదే. కనీసం మొదటి ఏడాది, వీలైతే రెండేళ్లు, నలుగురు అనుభవజ్ఞులైన థెరపిస్టులు ఒకే గదిలో కూర్చుని నోట్సు రాసుకునే ఆసుపత్రిలోనో, పునరావాస కేంద్రంలోనో చేరండి. ఇళ్లకు వెళ్లే పని ఆ తరువాత ఎప్పుడైనా దొరుకుతుంది.